‘టెర్రర్’ అంటే ఉగ్రమా, భయమా?

ప్రశ్న: ఫ్రెంచి విప్లవం మీద ఒక వ్యాసాన్ని డిగ్రీ విద్యార్థుల కోసం తెలుగులో రాస్తున్నాను. 1793-94 నాటి ‘రెయిన్ ఆఫ్ టెర్రర్’ను భీతావహ పాలన అనడం విన్నాను. టెర్రరిజాన్ని ఉగ్రవాదం అంటున్నాం కాబట్టి ‘ఉగ్రపాలన’ అని రాయవచ్చా?

జవాబు: వద్దండీ. ఉగ్రం కోపించినవాడి గుణం. ఉగ్రనరసింహుడు అన్నప్పుడు మన కళ్ళకు కట్టేది ఆయన కోపమే. ‘టెర్రర్’కు లాటిన్ మూలం భయపెట్టడం, అది ఎదుటివాడి గుండెలో పుట్టేది. మన అలంకారికులు ఈ తేడాను ఎప్పుడో గీత గీసి చూపించారు: రౌద్రరసానికి స్థాయిభావం, అంటే దానికి మూలమైన భావం, క్రోధం, భయానకానికి భయం. కొందరు వాడే ‘బీభత్సం’ కూడా ఇక్కడ సరిపోదు, దాని స్థాయి జుగుప్స.

పైగా ఆనాటి పారిస్‌లో జరిగినదాన్ని కోపం అనలేం. 1793 సెప్టెంబర్ 17న, విప్లవానికి శత్రువులన్న అనుమానం ఉన్నవాళ్ళను పట్టి బంధించడానికి అనుమానితుల చట్టం చేశారు. 1794 జూన్ 10 నాటి చట్టంతో విప్లవ న్యాయస్థానంలో నిందితుడికి వకీలు లేకుండా పోయాడు. తీర్పు విడుదల, లేదంటే మరణం, మధ్యలో ఏదీ లేదు. దేశం మొత్తం మీద దాదాపు 17 వేల మందికి తీర్పు చెప్పి మరీ మరణశిక్ష అమలు చేశారు. విచారణ లేకుండా చంపినవాళ్ళు, జైళ్ళలో చనిపోయినవాళ్ళు ఆ లెక్కలో లేరు. చట్టం రాసి, పేర్లు నమోదు చేసి, సంతకం పెట్టి చేసిన పని అది. ‘ఉగ్ర’ అంటే ఆ కాగితాలన్నీ కనబడకుండా పోతాయి.

వ్యాఖ్య: మాట సంగతి ఒప్పుకుంటాను. కానీ ఆస్ట్రియా, ప్రష్యా, బ్రిటన్, స్పెయిన్ సైన్యాలు మీద పడుతున్నాయి, లోపల పశ్చిమ ఫ్రాన్సులోని వాందే ప్రాంతంలో తిరుగుబాటు. విప్లవాన్ని కాపాడుకోవడానికి చేసినదాన్ని ఈనాటి బాంబు దాడుల మాటతో కలపడం న్యాయమేనా?

జవాబు: మీరు చెప్పిన ప్రమాదం నిజమే. ఆ పాలనకు ముఖ్య నాయకుడైన రొబెస్పియర్ వాదన కూడా అదే. 1794 ఫిబ్రవరి 5 ప్రసంగంలో ఆయన టెర్రర్‌ను సత్వరమైన, కఠినమైన, వంగని న్యాయంగా నిర్వచించాడు. అయితే జూన్ 26న ఫ్లూరస్ దగ్గర ఆ శత్రువుల మీద ఫ్రెంచి సైన్యం గెలిచింది. ప్రమాదమే కారణమైతే ఆ తర్వాత తలలు నరికే గిలెటిన్ యంత్రం నెమ్మదించాలి కదా? పారిస్‌లో మరణశిక్షలు అన్నిటికన్నా వేగంగా సాగిన రోజుల్లో జూలై కూడా ఉంది. జూలై 28న రొబెస్పియర్ తలే తెగింది. కాపాడడం అనే మాటను అక్కడి నుంచి నేను నమ్మలేను.

ఇక కలపడం సంగతి. ‘టెర్రరిజం’ పుట్టిందే ఆ ప్రభుత్వాన్ని తిట్టడానికి. 1798 నాటి ఫ్రెంచి అకాడమీ నిఘంటువు అనుబంధంలో దాని అర్థం భయంతో నడిచే వ్యవస్థ, పాలన. ప్రభుత్వానికి ఎదురు తిరిగినవాడి మీదికి ఆ మాట మళ్ళింది తర్వాతే. మన ‘ఉగ్రవాదం’లో ఆ తొలి అర్థం జాడ కూడా లేదు. ప్రభుత్వం వైపు నుంచి జరిగేదాన్ని చెప్పాలంటే ‘రాజ్యహింస’ అని వేరే మాట కట్టుకోవలసి వచ్చింది.

మరొకరు: రష్యాను కూడా చూడండి. 1918 సెప్టెంబర్ 5న లెనిన్ నాయకత్వంలోని బోల్షెవిక్ ప్రభుత్వం తెచ్చిన ఉత్తర్వు శీర్షికలోనే ‘ఎర్ర టెర్రర్’ అని ఉంది. తిట్టుగా మారిన మాటను ప్రభుత్వమే తన పనికి పేరుగా పెట్టుకుంది. దాన్ని ‘ఎర్ర ఉగ్రవాదం’ అని రాస్తే చదివేవాళ్ళు అడవిలో దళం అనుకుంటారు.

ప్రశ్న అడిగినవారు: అయితే ‘భీతావహ’ ఉంచవచ్చా? భీతికి ఆవహం చేరితే భీత్యావహం కావాలి కదా అని ఒక సందేహం.

జవాబు: ‘భీతం’ నపుంసకలింగంలో భయమనే అర్థంలోనే ఉంది, కాబట్టి తప్పు లేదు. నన్నడిగితే ‘భయపాలన’ అంటాను. భయంతో పాలించారని పిల్లలకు చదవగానే తెలుస్తుంది.