ఆషాఢంలో కూడా సాఫ్ట్‌వేర్ చందా కట్టాలా?

ప్రశ్న
తెనాలిలో మాది చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు. ఇన్నాళ్లూ పాత సిస్టంలో పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7, తెలుగు అక్షరాలకు అను ఫాంట్లతో నెట్టుకొచ్చాను. కొత్త కంప్యూటర్ కొంటున్నా, అందులో దొంగ కాపీలు వద్దనుకుంటున్నా. ఫొటోషాప్, ఇలస్ట్రేటర్ ఇప్పుడు చందా మీదే ఇస్తున్నారు. మా పనేమో ముహూర్తాలను బట్టి నడుస్తుంది. మాఘంలో అన్నం తినడానికి తీరిక ఉండదు, ఆషాఢం, మూఢం వస్తే ఈగలు తోలుకోవడమే. అప్పుడూ నెలనెలా కట్టాలంటే టెన్షన్‌గా ఉంది. ఒకేసారి కొనుక్కునేది ఏదైనా ఉందా?

జవాబు 1
ఫొటోషాప్, ఇలస్ట్రేటర్ తయారుచేసే అడోబ్ 2013లోనే చెప్పేసింది, సీఎస్6 అనే వెర్షన్ తర్వాత ఇక అంతా చందాయేనని. ఇలస్ట్రేటర్ లాంటిదే కోరెల్‌డ్రా, అది చూడండి. ఫ్లెక్సీ ప్రింటింగ్ వాళ్లకు కోరెల్‌డ్రా ఫైల్ (సీడీఆర్) ఇస్తే పేచీ ఉండదు.

జవాబు 2
అన్నా, వరంగల్‌లో నాదీ ఇదే పని. చందా అని భయపడకు, ఏ ప్లానో చూడు. అడోబ్‌లో ఏడాది ఒప్పందం చేసుకుని నెలనెలా కట్టేది చవకగా కనిపిస్తుంది. కానీ 14 రోజులు దాటాక మానేస్తే మిగిలిన నెలల డబ్బులో సగం వసూలు చేస్తారు. ఈ సంగతి కనబడకుండా దాచారని అమెరికాలో వినియోగదారుల తరఫున చూసే ఎఫ్‌టీసీ సిఫారసు మీద అక్కడి ప్రభుత్వం 2024లో కేసు కూడా వేసింది. ఒప్పందం లేని నెలవారీ ప్లాన్ రేటు ఎక్కువే, అయితే మూఢం రాగానే ఆపేయొచ్చు. నీకు నిజంగా పనుండే నెలలెన్నో లెక్కేసుకో.

ఆపేశాక ఓ గిరాకీ వచ్చి "మా పెద్దమ్మాయి కార్డే, పేర్లు మార్చియ్యి" అంటే ఫైలు తెరవలేం. అందుకే నేను ప్రతి పనికీ పీడీఎఫ్ తీసి దాస్తా. ఒకేసారి కొన్నదీ శాశ్వతం కాదులే. ఒకేసారి కొన్న పాత వెర్షన్ సీఎస్2 ఇన్‌స్టాల్ చేస్తే దాన్ని ఆమోదించే యాక్టివేషన్ సర్వర్లను అడోబ్ ఎప్పుడో మూసేసింది.

జవాబు 3
అసలు కొనడం ఎందుకు? అఫినిటీ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ 2025 అక్టోబర్ నుంచి ఉచితం, దాని యజమాని కంపెనీ కాన్వాలో ఖాతా ఉంటే చాలు. ముందు యూనికోడ్ ఫాంటులో "శ్రీరస్తు" టైపు చేసి ఒత్తులు సరిగ్గా పడుతున్నాయో లేదో చూసుకోండి. ఇలస్ట్రేటర్ లాంటి ఇంక్‌స్కేప్‌లో బాగానే పడతాయి, అదీ ఉచితమే.

ప్రశ్న అడిగినవారు
ముందు ఇంక్‌స్కేప్ దించుకుంటా. మాఘంలో ఒక్క ఫొటోషాప్‌కే నెలవారీ ప్లాన్ తీసుకుంటా. మరి పాత పేజ్‌మేకర్ ఫైళ్ల సంగతి?

జవాబు 2
వాటికి పాత సిస్టమే గతి అన్నా. ఎక్స్చేంజ్‌లో ఇచ్చెయ్యకు.