మొక్కల గురించి చెప్పగలను, వాలంటీర్లతో నెగ్గుకురావడమే రావట్లేదు

తిరుపతి_నారుమడి:

అందరికీ నమస్తే. బీఎస్సీ హార్టికల్చర్ చదివి తిరుపతిలో ఒక సంస్థ తరఫున కాలనీ తోటలకి ట్రైనర్‌గా చేస్తున్నాను. రెండు బడుల్లో పెరటితోటలు, ఒక కాలనీ ఖాళీ స్థలంలో 16 మడుల కూరగాయల తోట నా చేతిలో ఉన్నాయి. బళ్ళలో పిల్లలతో ఏ ఇబ్బందీ లేదు, కాలనీలో పెద్దవాళ్ళ దగ్గరే బోల్తా పడుతున్నాను.

పోయిన జూలైలో మొదలుపెట్టినప్పుడు 22 మంది పేర్లిచ్చారు. వాట్సాప్ గ్రూపులో రోజూ గుడ్ మార్నింగులు, మందార పూల ఫొటోలు. డిసెంబరు దాకా బాగానే నడిచింది, మనకి అప్పటిదాకా వానలే కాబట్టి నీళ్ళు పోసే పని పెద్దగా లేదు. సంక్రాంతి తర్వాత పదిమందయ్యారు, ఇప్పుడు ఎండలు ముదిరాక ఆరుగురు. ఎందుకు రాలేదంటే సగం సార్లు ఒకటే జవాబు, "చుట్టాలు కొండకి వచ్చారు మేడమ్". తిరుపతిలో ఉంటూ ఆ మాటకి ఎదురు చెప్పలేం కదా, మా ఇంట్లోనే నెలకి రెండు బ్యాచులు దిగుతారు.

ఇంకోటి, రిటైరైన పెద్దాయన ఒకరున్నారు, ఒకప్పుడు పొలం చేసిన మనిషి. రోజూ ఐదున్నరకే వచ్చేది ఆయనొక్కరే. కానీ నేను అటు వెళ్ళగానే నేను చెప్పిందంతా తిరగేస్తారు. వంగ మడిలో పేనుబంక (ఆకుల రసం పీల్చే సన్న పురుగులు) పట్టింది, అక్షింతల పురుగు పిల్లలు చేరాయి, అవే తినేస్తాయి ఆగండి అన్నాను. అక్షింతల పురుగు పెద్దదైతే అందరూ గుర్తుపడతారు, పిల్ల మాత్రం నల్లగా పొడుగ్గా బుల్లి మొసలిలా ఉంటుంది, చూస్తే ఎవరికైనా చంపబుద్ధేస్తుంది. మర్నాడు వెళ్ళేసరికి ఆయన వీధి పిల్లల చేత వాటన్నిటినీ ఏరించి సబ్బు నీళ్ళలో వేయించారు! పేనుబంక మాత్రం హాయిగా అలాగే ఉంది. పైగా తోటకూర మడికి గుప్పెళ్ళతో యూరియా చల్లారు, రెండు రోజుల్లో ఆకుల అంచులు మాడిపోయాయి. ఏమన్నా అంటే "నువ్వు పుట్టకముందు నుంచీ చేస్తా ఉండామమ్మా" అంటారు.

మూడోది చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది. వంకాయలు. కోత రోజు మాత్రం ముఖం తెలియనివాళ్ళు కూడా సంచులు పట్టుకుని దిగుతారు. దాని మీద గొడవైతే ఒకావిడ గ్రూపులో "జీతం మేడమ్‌కి, మట్టి పిసికేది మేము" అని పెట్టి డిలీట్ చేసింది, డిలీట్ చేసేలోపే అందరూ చూశారు. నా జీతం ఎంతో తెలిస్తే ఆవిడే నాకు రెండు వంకాయలు ఎక్కువేసి పంపిస్తుంది.

ఇలాంటివి నడిపినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. ఊరికే "ఓపిక పట్టండి" అనొద్దు, అది అయిపోయింది.

చిత్తూరు_అనపకాయ:

చెల్లీ, మా వీధి తోట చిత్తూరులో నాలుగేళ్ళుగా నడస్తా ఉంది, రెండుసార్లు మూతపడబోయి నిలబడింది. నీ 16 మడులూ అందరివీ అంటున్నావు చూడు, తంటా అంతా అక్కడే. ఇద్దరికి ఒక మడి చొప్పున రాసిచ్చెయ్. మేము పగిలిన టైల్ ముక్కల మీద పెయింటుతో ఇంటి నంబర్లు రాసి గుచ్చినాము. పక్క మడి పచ్చగా ఉండి తన నంబరున్న మడి వాడిపోతే ఎవరూ ఫోన్ చేసి పిలవాల్సిన పనిలేదు, పొద్దున్నే చెంబు పట్టుకుని వాళ్ళే వస్తారు. ఇద్దరికీ అని ఎందుకన్నానంటే చుట్టాలొస్తే రెండోవాళ్ళు చూసుకుంటారు.

ఎండాకాలం మొత్తం మడులు నడపాలని ఎవరు చెప్పారు నీకు? ఆరుగురుంటే ఆరు మడులే పెట్టుకో. మటిక్కాయ (గోరుచిక్కుడు), బెండ, గోంగూర ఎండకి తట్టుకుంటాయి, ఆకుకూరల మీద మాత్రం 50 శాతం షేడ్ నెట్ కట్టు. మిగతా మడులకి ఎండాకు దట్టంగా కప్పి వదిలెయ్, వాన పడగానే జీలుగో జనుమో చల్లి పూత రాకముందే కలియదున్నేస్తే నేలా బాగుపడుతుంది. పొద్దున 7 దాటాక పని పెట్టొద్దు. గంగమ్మ జాతర వారం అసలు ఏ పనీ పెట్టొద్దు, ఎవరూ రారు, రాలేదని నువ్వు బాధపడటం తప్ప ఉపయోగం లేదు.

కోతకి మా లెక్క ఇది. గేటుకి దారంతో ఒక నోటుబుక్ కట్టినాము, వచ్చినవాళ్ళు సంతకం పెట్టాలి. ఆ వారం రెండు సంతకాలున్న ఇంటికి మొదటి వాటా, మిగిలితే బడి పిల్లల సాంబార్‌లోకి పోతుంది. మొదటి నెల తిట్టుకున్నారు, ఆ తర్వాత మా అత్త కూడా సంతకం పెట్టే తీసుకుంది.

రిటైర్డ్_ఏఓ:

అమ్మా, నేను వ్యవసాయ శాఖలో పని చేసి రిటైరైనవాణ్ణి. మీ పెద్దాయన మీద నాకు కోపం రావడం లేదు, ఎందుకంటే యూరియా వేయండి వేయండి అని ఆ తరం రైతులకి చెప్పి అలవాటు చేసింది మేమే. అప్పుడు మా మాట విన్న మనిషి ఇప్పుడు మీ మాట వినడం లేదు, అంతే తేడా. యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది. ఎకరాల లెక్కన చల్లిన చేతికి ఇంత మడికి ఎంత చాలో అంచనా దొరకదు. ఎక్కువైతే ఆకు లేతగా నీరుపట్టి పేనుబంకని రా రమ్మని పిలుస్తుంది. ఈ మాట నలుగురిలో చెప్పకండి, నలుగురిలో తప్పుపడితే జన్మలో ఒప్పుకోరు.

పొలంబడి గురించి మీరు చదివే ఉంటారు, 1989లో ఇండోనేషియాలో వరి రైతులతో మొదలుపెట్టిన పద్ధతి అది, తర్వాత మన దగ్గరికీ వచ్చింది. అందులో ఆఫీసరు ఉపన్యాసం ఇవ్వడు. ఐదారుగురు కలిసి మొక్క దగ్గర కూర్చుని చెడ్డ పురుగులెన్ని, మిత్ర పురుగులెన్ని అని లెక్కపెట్టి, చార్టు మీద బొమ్మ గీసి, ఏం చేయాలో వాళ్ళే తేల్చుకుంటారు. మీరూ రెండు వంగ మడులు పక్కపక్కన పెట్టండి, ఒకటి పూర్తిగా ఆయనది, ఒకటి మీది. కోసిన ప్రతిసారీ తూకం వేసి ఖర్చుతో సహా ఆ నోటుబుక్‌లోనే రాయండి. ఆయనదే ఎక్కువ కాసినా రాయండి, దాచొద్దు.

ఐదున్నరకి వచ్చే మనిషి దొరకడమే అదృష్టం. పేడతో చేసే ద్రవ ఎరువు ఉంది కదా, ఆ జీవామృతం డ్రమ్ము ఆయనకి అప్పజెప్పండి. 20 లీటర్ల నీళ్ళకి కేజీ ఆవు పేడ, లీటరు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల ఉలవపిండి, గుప్పెడు గట్టు మట్టి. నీడలో పెట్టి రెండు రోజులు పొద్దున సాయంత్రం కలపాలి, వారం లోపల వాడేయాలి. వేళ తప్పకుండా కలిపేది మీ కాలనీలో ఆయనొక్కరే అనుకుంటా.

డాబామీద_దొండ:

22 మందిలో ఆరుగురు మిగిలారంటే మంచి లెక్కే. మా అపార్ట్‌మెంట్‌లో 30 మందికి ఇద్దరం మిగిలాం, అందులో ఒకరు వాచ్‌మన్.

కరివేపాకు_సియాటిల్:

మాది చంద్రగిరి దగ్గర, ఇప్పుడు సియాటిల్‌లో ఉంటున్నాను. ఇక్కడ మాస్టర్ గార్డెనర్ అని ఒక పద్ధతి ఉంది, 1972లో ఈ వాషింగ్టన్ రాష్ట్రంలోనే మొదలైంది. ఇళ్ళ నుంచి వచ్చే మొక్కల ప్రశ్నలకి జవాబు చెప్పలేక యూనివర్సిటీ విస్తరణ విభాగం వాళ్ళు తలపట్టుకుని, ఆసక్తి ఉన్నవాళ్ళకి ట్రైనింగ్ ఇచ్చి వాళ్ళ చేతే జవాబులు చెప్పించారు. ఈ ట్రైనింగ్‌కి బదులుగా ఇన్ని గంటలు పని చేస్తానని ముందే ఒప్పుకోవాలి, ఏటా ఆ లెక్క చూపిస్తేనే ఆ పేరు ఉంటుంది. మీరు పేర్లు రాసుకున్నారు కానీ గంటలు రాసుకున్నట్టు లేదు. జులైలో మళ్ళీ పేర్లు తీసుకునేటప్పుడు వారానికి రెండు గంటలు, మూడు నెలలు అని చెప్పి తీసుకోండి. మూడు నెలల తర్వాత మానేసే హక్కు వాళ్ళకి ఇవ్వండి, మొహమాటానికి ఉండేవాళ్ళే మొహం చాటేస్తారు.

జీతం విషయం మాత్రం దాచకండి. మీ పని ఏమిటో, మూడు తోటల మధ్య మీరు వారంలో ఎన్ని రోజులు తిరుగుతారో ఒకసారి అందరి ముందూ చెప్పేయండి. అది తెలియకే ఆ మెసేజ్ వచ్చింది.

తిరుపతి_నారుమడి:

అందరికీ థాంక్స్, అక్కా మీకు రెండు థాంక్స్‌లు. టైల్ ముక్కలు తెచ్చాను, నంబర్లు రాస్తున్నాం. జీతం సంగతి ఆదివారం చెప్పాలి, ఇప్పటినుంచే టెన్షన్‌గా ఉంది.

సార్, మీరన్నట్టే పెద్దాయన్ని పక్కకి పిలిచి డ్రమ్ము సంగతి అడిగాను. ముందు ముఖం మాడ్చుకుని "పేడ కలపడానికా నన్ను పెట్టుకుంటా ఉండేది" అన్నారు. సాయంత్రం ఫోన్ చేసి, రేణిగుంట రోడ్డులో నాటు ఆవులున్న మనిషి తనకి తెలుసని, బజారులో కొన్న పేడ అయితే తాను కలపనని చెప్పారు. రెండు మడుల పోటీకి కూడా ఒప్పుకున్నారు, కాకపోతే త్రాసు తన ఇంట్లోనే ఉండాలట.