తమ్ముడి మీద క్రిమినల్ కేసు: లాయర్‌ని పెట్టుకునే ముందు ఏం అడగాలి?

పల్నాడు రైతుబిడ్డ:
గట్టు తగాదాలో మా తమ్ముడు పక్క చేను ఆయన్ని పారతో కొట్టాడు. చేతికి దెబ్బ తగిలింది. బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 118(1) (ప్రమాదకరమైన ఆయుధంతో గాయపరచడం), 351(2) (బెదిరించడం) సెక్షన్లు పెట్టారు. నిన్న స్టేషన్‌లో 35(3) నోటీసు (విచారణకి రమ్మని పోలీసులిచ్చే కాగితం) ఇచ్చారు. ఊరి పెద్దమనిషి చూపించిన లాయరు "లక్ష ఇవ్వండి, కేసు లేకుండా చేస్తా" అన్నారు. అమ్మ గొలుసు తాకట్టు పెడదామంటోంది. కోర్టు మెట్లెక్కిన ఇల్లు కాదు మాది. చాలా టెన్షన్‌గా ఉంది.

గుంటూరు అక్క:
తమ్ముడూ, ఆ గొలుసు అప్పుడే తీయించకు. 2021లో మా ఆయన మీద కేసు అయినప్పుడు మేమూ కంగారులో మొదట కనిపించిన లాయరుకే యాభై వేలు ఇచ్చాం. ఆయన ఒక్క వాయిదాకీ రాలేదు. ప్రతిసారీ ఎవరో కొత్త జూనియర్ వచ్చి, మా పేరు అడిగి, టైం తీసుకుని వెళ్లేవాడు. మారుద్దామంటే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదని పాత లాయరు ఇచ్చే కాగితం) కోసం రెండు నెలలు తిప్పారు. రెండోసారి ముగ్గురిని కలిశాకే వకాలత్ (మన తరఫున వాదించమని లాయరుకిచ్చే అధికార పత్రం) మీద సంతకం పెట్టాం.

ఎఫ్ఐఆర్, నోటీసు పట్టుకుని వెళ్లు. కాగితాలు చూడకుండా ఫీజు చెప్పేవాళ్ల దగ్గర కూర్చోకు. మేం చివరికి పెట్టుకున్న మేడం అరగంట ఎఫ్ఐఆర్ చదివి, "వూండ్ సర్టిఫికెట్ వచ్చిందా?" అని అడిగారు. అది గాయం ఎలాంటిదో డాక్టరు రాసిచ్చే కాగితం. మీకూ అదే ముఖ్యం. ఎముక విరిగిందని తేలితే సెక్షన్ 118(2)కి మార్చవచ్చు. దానికి కనీసం ఏడాది జైలు, యావజ్జీవం దాకా పడొచ్చు. అలా మారితే ముందస్తు బెయిల్‌కి ఎవరు వెళ్తారు, దానికి ఫీజు వేరా అని అడుగు. వాయిదాలకి ఎవరొస్తారు, సాక్షుల్ని క్రాస్ (ఎదురు ప్రశ్నలు వేయడం) ఎవరు చేస్తారు, ఛార్జిషీటు దాకా ఎంత, ట్రయల్‌కి ఎంత, అన్నీ రాయించుకో. "కేసు కొట్టేస్తారని మాటివ్వలేను" అన్నారు ఆ మేడం. అప్పుడే నాకు ఆవిడ మీద గురి కుదిరింది.

మీ తమ్ముణ్ణి వెంట తీసుకెళ్లు, జరిగింది తన నోటితోనే చెప్పాలి. మా ఆయన సిగ్గుపడి ఒక ఫోన్ సంగతి దాచారు. అది కాల్ డేటాలో బయటపడి మా లాయరే తెల్లబోయారు.

జూనియర్ అడ్వొకేట్:
లాయరుకి చెప్పుకున్నది ఆయన బయటపెట్టకూడదు, చట్టమే ఆ రక్షణ ఇచ్చింది. కోర్టు కేసుల వివరాలు చూపించే ఈకోర్ట్స్ యాప్‌లో లాయరు పేరుతో వెతికితే కేసులు కనిపిస్తాయి. ఎక్కువ భూమి దావాలా, క్రిమినల్ కేసులా చూడండి. గెలిస్తే ఇంత అని ఫీజు మాట్లాడితే ఒప్పుకోవద్దు, అది బార్ కౌన్సిల్ నిబంధనలకి విరుద్ధం. డబ్బుకి ఇబ్బందైతే 15100కి ఫోన్ చేయండి, న్యాయ సేవాధికార సంస్థ వాళ్లు మీకు ఉచిత లాయరు వస్తారో లేదో చెప్తారు. నోటీసులో ఉన్న రోజు మాత్రం తప్పకుండా స్టేషన్‌కి వెళ్లాలి. వెళ్లకపోతే అరెస్టు చేయవచ్చు.

పల్నాడు రైతుబిడ్డ:
శుక్రవారం రమ్మన్నారండీ. అక్కా, అమ్మకి నీ జవాబు చదివి వినిపించాను. రేపు పొద్దున్నే తమ్ముణ్ణి తీసుకుని నరసరావుపేట కోర్టు దగ్గరికి వెళ్తున్నా, ఇద్దరు లాయర్లనైనా కలిశాకే ఇంటికొస్తాం. ఎక్స్‌రే తీశారంట, రిపోర్టు ఇంకా రాలేదు.