పక్క ప్లాట్‌లో రోజూ మందు పార్టీలు, ఎవరికి చెప్తే పనయింది మీకు?

గాజుపెంకులు: మాది హైదరాబాద్ శివార్లలో కాలనీ అండి. పక్కనే 200 గజాల ఖాళీ ప్లాట్, నిండా తుమ్మ చెట్లు, ఏడు దాటితే చాలు బైకులేసుకుని వచ్చేస్తారు, వైన్ షాపు రెండు సందుల అవతలే మరి. పొద్దున గేటు తీస్తే ప్లాస్టిక్ గ్లాసులు, పల్లీల కవర్లు. మొన్న మా పాప కాల్లో సీసా పెంకు దిగింది. 100కి ఆరేడు సార్లు చేశా, బ్లూ కోల్ట్స్ వాళ్ళు (బైకుల మీద తిరిగే పెట్రోలింగ్ పోలీసులు) వస్తారు, బండి లైటు కనపడగానే వీళ్ళు జంప్, అరగంటకి మళ్ళీ హాజర్.

రిటైర్డ్_మాస్టారు: 100 అనేది అప్పటికప్పుడు లేపడానికే బాబూ. మేం కాగితం పెట్టాం, 23 ఇళ్ళ సంతకాలతో, రెండు కాపీలు. "పెట్టి వెళ్ళండి సార్ చూస్తాం" అన్నారు స్టేషన్లో, రెండో కాపీ మీద స్టాంపు పడేదాకా నేను కుర్చీలోంచి లేవలేదు. ఆ వారమంతా పెట్రోలింగ్ తిరిగింది, నలుగురి మీద పెట్టీ కేసులు కూడా పెట్టారు.

సందు_చివరిల్లు: పెట్టీ కేసుతో ఏమవుద్ది మాస్టారూ, తాగి పబ్లిక్‌లో న్యూసెన్స్ చేస్తే బీఎన్ఎస్ (ఐపీసీ బదులు వచ్చిన కొత్త చట్టం) 355 సెక్షన్ కింద 24 గంటల జైలు లేదా వెయ్యి ఫైను, లేదంటే కమ్యూనిటీ సర్వీస్, అంతే. వాళ్ళ ఒక్క రాత్రి ఖర్చు అది. ప్లాట్ ఓనర్ని పట్టుకోండి. మున్సిపాలిటీకి రాసేటప్పుడు తాగుబోతులు అని రాయకండి, అది పోలీసుల పని అని తోసేస్తారు, పిచ్చిమొక్కలు, చెత్త, పాములు అని రాయండి. మాకు అలాగే ఓనర్‌కి నోటీసెళ్ళింది, వచ్చి క్లీన్ చేయించి ఫెన్సింగ్ వేశాడు. స్తంభానికి లైటు కూడా పెట్టించాం, వెలుతుర్లో ఎవడూ కూర్చోడు.

బెజవాడ_అక్క: లైటు మాట నిజం. మేం సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో అర్జీ ఇస్తే నంబర్ ఇచ్చారు, దాంతో వెంటపడ్డాం. కానీ ఒకటి, ఫోన్ చేసినప్పుడే నా పేరు బయటికి రాకూడదు అని గట్టిగా చెప్పండి తమ్ముడూ. మాకు జీపు సరిగ్గా మా గేటు ముందే ఆపి "కంప్లైంట్ ఇచ్చింది మీరేనా అమ్మా" అని అరిచారు, తెల్లారేసరికి నా స్కూటీ సీటు బ్లేడుతో కోసేసి ఉంది.

సందు_చివరిల్లు: అందుకే అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద ఇవ్వాలక్కా, ఒక్కరి పేరు ఉండకూడదు. అప్పటికీ కదలకపోతే పబ్లిక్ న్యూసెన్స్ అని ఆర్డీఓ దగ్గర పిటిషన్ వేయొచ్చు, బీఎన్ఎస్ఎస్ (సీఆర్పీసీ బదులు వచ్చిన చట్టం) 152, పాత సీఆర్పీసీ 133 సెక్షనే అది. టైం పడుతుంది గానీ.

గాజుపెంకులు: నిన్న ఆదివారం కదా అని సంతకాలకి తిరిగా. 31 ఇళ్ళకి 14 మందే పెట్టారు. మూడో లైన్లో ఒకాయన "మనకెందుకులెండి, పిల్లలు ఏదో సరదాగా కూర్చుంటారు" అని తలుపేసుకున్నాడు, రాత్రి బాల్కనీలోంచి చూస్తే ఆ బ్యాచ్‌లో వాళ్ళబ్బాయి బండి ఉంది. ఆ సంతకం లేకుండానే రేపు స్టేషన్‌కి వెళ్తున్నా మాస్టారూ, రెండు కాపీలతో.