ల్యాప్ టైములు చూసి టైమ్ ట్రయల్‌కు కారు ఎంచుకోవడం ఎంతవరకు సరైనది?

ప్రశ్న: నాగావళి తీరం (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో ఉన్న మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌కు గత రెండేళ్లలో నాలుగు సార్లు వెళ్లి, నా పాత పోలో జీటీ టీఎస్‌ఐతో ట్రాక్ డేలలో (సొంత కార్లను ట్రాక్ మీద నడపనిచ్చే రోజుల్లో) పాల్గొన్నాను. మన ఊరి నుంచి పదహారో నంబరు జాతీయ రహదారి మీద సుమారు 900 కిలోమీటర్ల దూరం కనుక, అక్కడ దొరికే ప్రతి ల్యాప్‌ను (అంటే ట్రాక్ మీద ఒక పూర్తి చుట్టును) ఎంతో అపురూపంగా చూసుకుంటాను. వచ్చే ఏడాది నుంచి ఔత్సాహికుల టైమ్ ట్రయల్స్‌లో, అంటే పక్క కారుతో కాకుండా గడియారంతో మాత్రమే తలపడే పోటీల్లో, పేరు నమోదు చేసుకోవాలన్నది నా కోరిక. అందుకోసం కారు మారుస్తున్నాను.

ప్రస్తుతం మూడు కార్లు నా ఆలోచనలో ఉన్నాయి. మొదటిది 2017లో మన దేశానికి వచ్చిన 230 పీఎస్ (ఇంజిన్ శక్తి కొలత) ఆక్టేవియా వీఆర్‌ఎస్, రెండోది 192 పీఎస్ మినీ కూపర్ ఎస్. ఈ రెండూ వాడినవే కొనగలను. మూడోది 150 పీఎస్ వర్టస్ జీటీ 1.5 మాన్యువల్, దీన్ని కొత్తగా కొనే వీలుంది. పత్రికల్లోనూ వీడియోల్లోనూ కనిపించిన ల్యాప్ టైములన్నీ సేకరించి ఒక పట్టిక తయారు చేశాను గానీ, ఎన్ని రాత్రులు కూర్చున్నా దాని నుంచి ఒక వరుస తేలడం లేదు. ఒక ట్రాక్ మీద ముందున్న కారు మరో ట్రాక్ మీద వెనకబడుతోంది. ఒకే కారుకు, ఒకే ట్రాక్ మీద, ఇద్దరు వేర్వేరు వ్యక్తులు ఇచ్చిన సమయాల మధ్య రెండు మూడు సెకన్ల తేడా కనిపిస్తోంది. పట్టికలో అతి తక్కువ సమయం ఉన్న కారునే కొనవచ్చా, లేక ఆ అంకెలను మరో విధంగా చదవాలా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: కోట దక్షిణం (విజయనగరం)

నాగావళి తీరం గారికి నమస్కారం. మీరు పట్టిక వేయడం మంచి పనే. అయితే అందులోని ప్రతి సమయం పక్కన నాలుగు గడులు ఖాళీగా ఉండి ఉంటాయని నా అనుమానం: ట్రాక్‌లో ఏ భాగం వాడారు, ఏ టైర్లు వేశారు, ఎవరు నడిపారు, ఆ రోజు ఎండ ఎంత. మన ఊసవానిపేట కరణం మల్లీశ్వరి గారు 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారని చెప్పుకునేటప్పుడు, అది 69 కిలోల విభాగమని కూడా చెప్పుకుంటాం. విభాగం తెలియకపోతే ఆ 240ని ఎవరి బరువుతోనూ పోల్చలేం. ల్యాప్ టైములకు ఆ విభాగం ఏమిటో చెప్పకుండానే చాలామంది ప్రచురిస్తారు, చిక్కంతా అక్కడే ఉంది.

ట్రాక్ పొడవు దగ్గరే ఎంత పొరపాటు పడవచ్చో జర్మనీలోని పందెపు ట్రాక్ న్యూర్‌బర్గ్‌రింగ్ నార్డ్‌ష్లైఫ అంకెలు చూపిస్తాయి. 2017లో హోండా సివిక్ టైప్ ఆర్ అక్కడ 7 నిమిషాల 43.80 సెకన్లలో ల్యాప్ పూర్తి చేసింది. 2023లో దాని తరువాతి తరం కారు 7 నిమిషాల 44.881 సెకన్లు తీసుకుంది. పైకి చూస్తే కొత్త కారు నెమ్మదించినట్టు కనిపిస్తుంది. నిజానికి పాత సమయం 20.6 కిలోమీటర్లకు లెక్కించినది, కొత్తది 20.832 కిలోమీటర్ల పూర్తి చుట్టుకు లెక్కించినది. ఆ 232 మీటర్ల విలువ ఎంతో తెలుసుకోవాలంటే 2019లో రెనో మెగాన్ ఆర్ఎస్ ట్రోఫీ-ఆర్ చేసిన పరుగును చూడవచ్చు. ఒకే పరుగుకు రెండు సమయాలు ప్రకటించారు: చిన్న దూరానికి 7 నిమిషాల 40.100 సెకన్లు, పూర్తి దూరానికి 7 నిమిషాల 45.389 సెకన్లు. తేడా ఐదు సెకన్ల పైమాటే. పైగా ఆ మెగాన్ వెనక సీట్లు తీసేసి, బరువు బాగా తగ్గించి తయారు చేసిన కారు. కనుక దాని సమయం చూసి మామూలు మెగాన్ కొన్నవారికి ఆ సమయం రాదు.

మన మద్రాస్ సర్క్యూట్ పూర్తి చుట్టు 3.717 కిలోమీటర్లు, అయితే అక్కడ చిన్న చుట్టు కూడా వాడతారు. కోయంబత్తూరు కారి స్పీడ్‌వే సుమారు 2.1 కిలోమీటర్లు. గ్రేటర్ నోయిడా బుద్ధ్ సర్క్యూట్ 5.125 కిలోమీటర్లు, దాని వెనక వైపు తిన్నని దారి కిలోమీటరు పైగా ఉంటుంది. బుద్ధ్‌లో శక్తి ఎక్కువ ఉన్న కారుకు లాభం, కారిలో తేలికైన కారుకు లాభం. మీ పట్టికలో కార్ల స్థానాలు తారుమారు కావడానికి ఇదొక్కటే సగం కారణమై ఉంటుంది. మీరు వెళ్లబోయేది ఇరుంగట్టుకోట్టైకే అయితే మిగతా రెండు ట్రాక్‌ల సమయాలను పట్టిక నుంచి తీసేయండి.

టైర్ల మాట ఇంకా ముఖ్యమైనది. గాడులు తక్కువ, పట్టు ఎక్కువ ఉండే సెమీ స్లిక్ టైర్లు వేసిన కారు సమయాన్ని, షోరూమ్ టైర్లతో నడిచిన కారు సమయం పక్కన పెట్టడం అన్యాయం. మీరు పోల్చే రెండు కార్ల మధ్య తేడా కన్నా, ఒకే కారుకు టైర్లు మార్చినందువల్ల వచ్చే తేడా పెద్దది కావచ్చు. టైరు పక్క గోడ మీద ట్రెడ్‌వేర్ అంకె ఉంటుంది. అది తగ్గేకొద్దీ రబ్బరు మెత్తన, పట్టు ఎక్కువ, ఆయుష్షు తక్కువ అని స్థూలంగా అనుకోవచ్చు. అయితే ఆ అంకెను తయారీదారులే నిర్ణయించుకుంటారు కనుక, రెండు కంపెనీల మధ్య దాన్ని గట్టి కొలతగా తీసుకోకండి. మినీ కార్లు చాలావరకు పంక్చరైనా నడిచే రన్‌ఫ్లాట్ టైర్లతో వస్తాయి. వాటి గోడలు గట్టిగా, బరువుగా ఉంటాయి కాబట్టి, మామూలు టైర్లు వేసిన మినీ వేరే కారులా నడుస్తుంది. ఏ టైర్లో రాయని సమయాన్ని నేను చదవడమే మానేశాను.

ఇంకొక్క విషయం. మద్రాస్ సర్క్యూట్ పూర్తి చుట్టులో 2 నిమిషాల 10 సెకన్లు తీసుకున్న కారు సగటు వేగం గంటకు 102.9 కిలోమీటర్లు, 2 నిమిషాల 8 సెకన్లు తీసుకున్నదానిది 104.5. రెండు సెకన్లంటే పెద్ద తేడాగా వినిపిస్తుంది గానీ, సగటున కిలోమీటరున్నర వేగమే. నేను మొదటి ట్రాక్ డేకు, ఐదో ట్రాక్ డేకు మధ్య అదే కారులో, అవే టైర్లతో ఏడు సెకన్లు తగ్గించుకున్నాను. మీరు ఇంకా ఆ దశలోనే ఉన్నట్లయితే, పట్టికలోని మొదటి కారుకూ మూడో కారుకూ ఉన్న తేడా మీ చేతుల్లోనే దాగి ఉందేమో ముందు చూడండి.

జవాబు: వేణుగోపాలసాగరం (బొబ్బిలి)

కోట దక్షిణం గారు చెప్పినదానితో ఏకీభవిస్తూ, ఇరవై ఏళ్లకు పైగా కార్ల మరమ్మతులు చేస్తున్నవాడిగా ఒక మాట కలుపుతాను. పత్రికలో అచ్చయ్యేది అన్నింటిలోకి ఉత్తమమైన ఒక్క ల్యాప్. ఇంజిన్, బ్రేకులు, టైర్లు చల్లగా మొదలై సరిగ్గా వేడెక్కిన క్షణంలో వచ్చేది అది. మీరు అడగవలసింది ఐదో ల్యాప్ సమయం.

బరువు లెక్క ఎలా పనిచేస్తుందో చూడండి. మనిషితో కలిపి 1,500 కిలోల కారు 180 కిలోమీటర్ల వేగం నుంచి 80కి దిగినప్పుడు బ్రేకులు మింగవలసిన శక్తి సుమారు 15 లక్షల జౌళ్లు. 1,250 కిలోల కారయితే 12.5 లక్షలు. ప్రతి చుట్టులో, ప్రతి పెద్ద మలుపు ముందూ ఈ తేడా పేరుకుపోతుంది. డాట్ 4 రకం బ్రేకు నూనె కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. అది తేమ పీల్చుకున్న తరువాత ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. మనది సముద్రతీరం, గాలిలో తేమకు కొదవ లేదు. రెండు మూడేళ్లుగా మార్చని నూనెతో ట్రాక్ మీదికి వెళితే, నూనె మరిగి బుడగలు పుట్టి, పెడల్ నేలకు తగిలినా కారు ఆగని పరిస్థితి వస్తుంది. నా దగ్గరికి వచ్చే ఒకరి బరువైన కారుకు నాలుగో ల్యాప్‌లోనే అలా జరిగింది. మలుపు బయట ఖాళీ స్థలం ఉండబట్టి ఆయన క్షేమంగా బయటపడ్డారు. ఏ కారు కొన్నా, వెళ్లే వారం ముందు నూనె మార్పించి, వేడిని తట్టుకునే బ్రేకు ప్యాడ్లు వేయించండి. వర్టస్‌కు వెనక డ్రమ్ బ్రేకులున్నాయని కొందరు వద్దంటారు. ఇంజిన్ ముందు ఉండి ముందు చక్రాలనే తిప్పే కారులో బ్రేకు భారం చాలావరకు ముందు డిస్కుల మీదే పడుతుంది కనుక, ఆ ఒక్క కారణంతో దాన్ని పక్కన పెట్టనవసరం లేదు.

గాలిని ఒత్తి లోపలికి పంపే టర్బో ఇంజిన్లకు మరో ఇబ్బంది ఉంది. 20 డిగ్రీల ఉదయపు గాలి కన్నా 38 డిగ్రీల మధ్యాహ్నపు గాలి దాదాపు ఆరు శాతం పలుచన. దానికి తోడు, ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ వేడెక్కితే ఇంజిన్ తనను తాను కాపాడుకోవడానికి శక్తి తగ్గించుకుంటుంది. డిసెంబరు ఉదయం తీసిన సమయాన్ని మే నెల మధ్యాహ్నం తీసినదానితో పోల్చకండి.

చివరగా, మీ మోటారు బీమా పత్రంలో వినియోగ పరిమితులన్న భాగం తీసి చదవండి. పందేలు, వేగ పరీక్షలు, రిలయబిలిటీ ట్రయల్స్ (వాహనం మన్నికను పరీక్షించే పరుగులు) వర్తించవని మన పాలసీలలో రాసే ఉంటుంది. ట్రాక్ మీద గోడకు తగిలితే ఖర్చంతా మీదే. కారు విలువ ఎంతైతే మీరు పూర్తిగా పోగొట్టుకోగలరో అంతలోనే ఎంచుకోవడం నా సలహా.

జవాబు: నాగావళి తీరం (శ్రీకాకుళం)

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. బొబ్బిలి మాస్టారు చెప్పిన బీమా విషయం నాకు నిజంగా తెలియదు. నిన్న పత్రం తీసి చూస్తే అక్షరాలా అలాగే ఉంది. పట్టికలో టైర్ల పేరు, ట్రాక్ రూపం, నెల రాసి ఉన్న సమయాలను మాత్రమే ఉంచితే మొత్తం పట్టికలో ఆరు వరుసలే మిగిలాయి. వాటిలో నా మూడు కార్లలో రెండింటికే స్థానం దక్కింది. నా సొంత సమయాలను మాత్రం ఫోన్ జీపీఎస్‌తో తీసుకున్నాను. అవి నమ్మదగినవేనా?

జవాబు: వంశధార వంతెన (నరసన్నపేట)

ఫోన్ జీపీఎస్ సాధారణంగా సెకనుకు ఒక్కసారి స్థానం చెబుతుంది. గంటకు 108 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 30 మీటర్లు పోతుంది. గీత ఎప్పుడు దాటారో ఆ 30 మీటర్ల మధ్య యాప్ అంచనా వేస్తుందన్నమాట. సెకనుకు పదిసార్లు చదివే బయటి రిసీవర్ పెట్టుకుంటే ఆ ఖాళీ మూడు మీటర్లకు తగ్గుతుంది. పదో వంతు సెకన్ల గురించి మాట్లాడాలంటే అది తప్పనిసరి.

పై ఇద్దరితో నాకు ఒక్క చోట భేదాభిప్రాయం ఉంది. ల్యాప్ టైము తప్పుదోవ పట్టిస్తుందన్న భయంతో దాన్ని పూర్తిగా వదిలేయడం కూడా పొరపాటే. ఒకే రోజు, ఒకే డ్రైవరు, ఒకే రకం టైర్లతో వరుసగా నడిపిన పోలికలు కొన్ని పత్రికలు చేస్తాయి. అందులో సమయం కన్నా ముఖ్యంగా, మలుపు మధ్యలో ఏ కారుది ఎంత కనిష్ఠ వేగమో, తిన్నని దారి చివర ఎంత గరిష్ఠ వేగమో ఇస్తే వాటిని చూడండి. కేవలం శక్తి వల్ల ముందున్న కారు దారి చివర గెలిచి మలుపులో ఓడుతుంది. అలాంటి కారు నేర్చుకునేవారికి తొందరగా విసుగు తెప్పిస్తుంది, టైర్లనూ తొందరగా తినేస్తుంది.

అన్నింటికన్నా ముందు మీరు పాల్గొనబోయే పోటీ నిబంధనల పత్రం తెప్పించుకోండి. అది మన దేశంలో మోటారు పోటీలను పర్యవేక్షించే ఎఫ్‌ఎంఎస్‌సీఐ అనుమతితో జరిగే పోటీ అయితే లైసెన్సు ఏది కావాలో, విభాగాలు ఎలా చేశారో అందులో ఉంటుంది. ప్రపంచ మోటారు పోటీల సంస్థ ఎఫ్‌ఐఏ నిబంధనల్లో టర్బో పెట్రోలు ఇంజిన్ సామర్థ్యాన్ని 1.7తో హెచ్చించి విభాగం నిర్ణయించే పద్ధతి చాలాకాలంగా ఉంది. ఆ పద్ధతి మీ పోటీలో కూడా ఉంటే, వర్టస్ 1,498 సీసీ ఇంజిన్ 2,547 సీసీగా, ఆక్టేవియా 1,984 సీసీ ఇంజిన్ 3,373 సీసీగా లెక్కకు వస్తాయి. అప్పుడు ఈ రెండూ వేర్వేరు విభాగాల్లో పడవచ్చు, మీ పట్టికలో వాటిని పోల్చవలసిన పనే ఉండదు. 3,000 సీసీ పైబడిన విభాగంలో మీకు ఎదురయ్యేవి 300 పీఎస్ కార్లు కావచ్చు.

జవాబు: కోట దక్షిణం (విజయనగరం)

వంశధార వంతెన గారు చెప్పిన విభాగాల మాట నేను మొదటే చెప్పి ఉండవలసింది. నాగావళి తీరం గారూ, నా దగ్గర ఉన్నది మీ జాబితాలోని ఆక్టేవియానే. ఐదేళ్ల క్రితం విశాఖపట్నంలో వాడిన కారుగా కొన్నాను. దీన్ని పొగడడం గానీ తెగడడం గానీ నా ఉద్దేశం కాదు. మీకు అభ్యంతరం లేకపోతే వచ్చే జనవరి ట్రాక్ డేకు ఇద్దరం కలిసి వెళదాం. దారిలో చెన్నై చేరబోయే ముందు, ఇప్పటి ట్రాక్ రాకముందు దశాబ్దాలపాటు పందేలు జరిగిన సోళవరం పాత ఎయిర్‌స్ట్రిప్ ఇదే రహదారి పక్కన ఉంది. అది కూడా చూడవచ్చు.

ఉదయం ఏడున్నరకు ట్రాక్ చల్లగా ఉన్నప్పుడు మీరు నా కారులో ఐదు ల్యాపులు, నేను మీ పోలోలో ఐదు ల్యాపులు నడుపుదాం. మధ్యాహ్నం మళ్లీ అదే చేద్దాం. రెండింటిలోనూ సెకనుకు పదిసార్లు చదివే నా పది హెర్ట్జ్ రిసీవరే పెడతాను. బయలుదేరే ముందు చల్లని టైర్లలో గాలి రెండు కార్లకూ 30 పీఎస్ఐ ఉంచి, ఆగిన వెంటనే వేడి మీద ఎంతకు చేరిందో రాసుకుందాం. బ్రేకు నూనె మాత్రం డిసెంబరులోనే బొబ్బిలి మాస్టారి దగ్గర ఇద్దరం మార్పించుకోవాలి.