మన జెండాలో రాట్నం స్థానంలో చక్రం ఎందుకు వచ్చింది?

ప్రశ్న:
పింగళి వెంకయ్య గారి జెండాపై రాట్నం ఉండేదని, 1947లో దాని స్థానంలో అశోకచక్రాన్ని ఉంచారని చదివాను. స్వాతంత్ర్యోద్యమానికే గుర్తుగా నిలిచిన రాట్నాన్ని ఎందుకు తొలగించారు? ఇప్పటి జెండా రూపకర్త వెంకయ్య గారే అనడం ఎంతవరకు సరైనది?

మొదటి సమాధానం:
1947 జులై 22న రాజ్యాంగ సభలో జెండా తీర్మానాన్ని ప్రవేశపెడుతూ నెహ్రూ దీనికి కారణం స్వయంగా చెప్పారు. జెండా రెండు వైపులా బొమ్మ ఒకేలా కనిపించాలి. రాట్నానికి ఒక పక్క చక్రం, మరో పక్క కదురు ఉంటాయి కనుక, జెండాను వెనకనుంచి చూస్తే అవి తారుమారవుతాయి. పల్చని గుడ్డమీద రాట్నం గీసి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని వెనక్కి తిప్పితే ఈ ఇబ్బంది వెంటనే తెలుస్తుంది. అందుకే రాట్నంలోని చక్రాన్ని మాత్రం నిలుపుకుని, దానికి సారనాథ్ అశోకస్తంభంపై ఉన్న చక్రం రూపాన్ని ఇచ్చారు. కాబట్టి రాట్నాన్ని తొలగించారనడం కన్నా, అందులోని చక్రాన్ని ఉంచుకున్నారనడమే న్యాయమని నా అభిప్రాయం.

రెండో సమాధానం:
వెంకయ్య గారి విషయం కొంత వివరంగా చెప్పాలి. ఆయన 1916లోనే జాతీయ పతాకంపై పుస్తకం ప్రచురించారు. 1921లో బెజవాడలో కాంగ్రెస్ సమావేశాలు జరిగినప్పుడు, హిందువులకు గుర్తుగా ఎరుపు, ముస్లింలకు గుర్తుగా ఆకుపచ్చ రంగులపై రాట్నం ఉండేలా జెండా గీయమని గాంధీజీ కోరగా, ఆయన మూడు గంటల్లో గీసి ఇచ్చారు. అయినా అది సభ ముందుకు వచ్చేసరికి కాస్త ఆలస్యమైంది. ఆ ఆలస్యమే మేలైందనీ, తీరిగ్గా ఆలోచించాక ఇతర మతాలవారి కోసం తెలుపు కూడా ఉండాలని తోచిందనీ గాంధీజీ తర్వాత రాశారు. రాట్నం ఆలోచన జలంధర్‌కు చెందిన లాలా హంసరాజ్‌ది. ఇంతమంది చేయి పడిన జెండా ఇది. అయినా దానికి తొలి రూపం గీసిన చేయి భట్లపెనుమర్రులో పుట్టిన మన వెంకయ్య గారిదే.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మరి ఎరుపు కాషాయంగా ఎప్పుడు మారింది?

మొదటి సమాధానం ఇచ్చినవారు:
1931లోనండీ. రంగులను మతాలకు ముడిపెట్టడంపై అభ్యంతరాలు రావడంతో కాంగ్రెస్ ఒక సంఘాన్ని వేసింది. దాని సంచాలకులు మన పట్టాభి సీతారామయ్య గారే. ఆ సంఘం జెండా మొత్తం కాషాయ రంగులోనే ఉండాలని సూచించింది, కాని కాంగ్రెస్ అందుకు ఒప్పుకోలేదు. చివరికి కాషాయం, తెలుపు, ఆకుపచ్చ పట్టీలనే వరుసగా ఉంచి, మధ్యలో నీలిరంగు రాట్నాన్ని నిలిపి, ఆ రంగులకు మతాలతో సంబంధం లేదని తీర్మానంలోనే స్పష్టం చేశారు. 1947లో ఆ నీలిరంగే 24 ఆకుల చక్రానికి వచ్చింది.