‘సోర్సెస్ రూట్’ను తెలుగులో ఏమందాం?

పోస్ట్: అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల జావా నేర్చుకునే పిల్లల కోసం ఇంటెల్లిజె ఐడియాలో (జావా కోడ్ రాసి నడిపే సాఫ్ట్‌వేర్) ప్రాజెక్టు పెట్టుకునే తీరు తెలుగులో రాస్తున్నాం. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, ‘మార్క్ డైరెక్టరీ యాజ్’లో ‘సోర్సెస్ రూట్’ నొక్కాలి. అక్కడే పేచీ. సోర్సు అంటే మూలం. రూటూ మూలమే, వర్గమూలంలో లాగా. కలిపితే ‘మూల మూలం’! ‘మూల వేరు’ అంటే నాటుమందు పేరులా ఉంది.

జవాబు: మాట కంటే ముందు దాని పనేమిటో చూడండి. ప్యాకేజీ (క్లాసులను ఫోల్డర్లవారీగా పెట్టుకునే గుంపు) పేరు ఏ ఫోల్డర్ కింది నుంచి లెక్కలోకి వస్తుందో అదే సోర్సెస్ రూట్. ఫైల్లో మొదటి లైను ప్యాకేజీ ‘మెట్రో.టికెట్’ అయితే, మెట్రో ఫోల్డర్‌కు సరిగ్గా పైన ఉన్నది అన్నమాట. మావెన్ (జావా ప్రాజెక్టును కంపైల్ చేసి మూటకట్టే పనిముట్టు) పద్ధతిలో అది ‘ఎస్సార్సీ’ (src) ఫోల్డర్లో ‘మెయిన్’లో ‘జావా’. చాలామంది ‘ఎస్సార్సీ’నే మార్క్ చేసేస్తారు. అప్పుడు ప్యాకేజీ పేరు ‘మెయిన్.జావా.మెట్రో.టికెట్’ అని ఉండాలంటూ ఐడియా సణుగుతుంది. పిల్లలు ఆల్ట్-ఎంటర్ కొట్టి, అది చూపించిన పేరే పెట్టేస్తారు. ఐడియాలో నడుస్తుంది కూడా. పామ్ ఫైల్లో (మావెన్ సెట్టింగులుండే pom.xml) మెయిన్ క్లాస్ పాత పేరుతోనే ఉంటే మాత్రం, జార్ (మూటకట్టిన ప్రోగ్రామ్ ఫైలు) నడిపినప్పుడు మెయిన్ క్లాస్ దొరకలేదంటుంది. నా ఓటు ‘కోడ్ మొదలు’కి. చెట్టు మొదలు అంటాం కదా, ఆ అర్థమూ వచ్చింది, లెక్క ఎక్కడ మొదలో ఆ అర్థమూ వచ్చింది.

జవాబు: ‘మొదలు’ బాగుందన్నా. కానీ మెనూలో తెలుగు లేదు గదా, నొక్కాల్సిన చోట తెరమీద ఉన్న మాటే రాయండి, వివరించే చోట ‘కోడ్ మొదలు’ వాడండి. ఇంకోటి, మావెన్ ప్రాజెక్టుకు చేత్తో మార్క్ చేసుడు ఎందుకు? రీలోడ్ కొడితే ఆ మార్కు ఎగిరిపోవచ్చు. ‘ఓపెన్’లో పామ్ ఫైలునే ఎంచుకుని ‘ఓపెన్ యాజ్ ప్రాజెక్ట్’ అంటే ఫోల్డర్లన్నీ అదే గుర్తుపడుతుంది. ముందే ఉత్త ఫోల్డర్‌గా తెరిచేసి ఉంటే, పామ్ మీద రైట్ క్లిక్, ‘యాడ్ యాజ్ మావెన్ ప్రాజెక్ట్’. మీ రాతలో ఆ మెట్టు తీసేస్తే లొల్లే లేదు.

పోస్ట్ పెట్టినవారు: తీసేస్తాం. మావెన్ లేని ప్రాజెక్టుల దగ్గర మాత్రం ‘కోడ్ మొదలు’ ఉంటుంది. కోడ్‌లో ఏ జావా వెర్షన్ వరకు ఉన్నవి వాడొచ్చో చెప్పే సెట్టింగ్ ‘లాంగ్వేజ్ లెవెల్’ సంగతి? ‘భాషా స్థాయి’ అంటే ఇంగ్లిష్ పరీక్ష అనుకుంటారు.

జవాబు: ‘ఏ జావా వరకు’ అనండి, చాలు. జేడీకే (జావా కోడ్‌ను కంపైల్ చేసే కిట్) 21 పెట్టుకుని, లెవెల్ కూడా 21 ఉంచి, జావా 17 ఉన్న సర్వర్ మీద నడిపితే ‘అన్‌సపోర్టెడ్ క్లాస్ వెర్షన్’ ఎర్రర్ వస్తుంది. అందులో కనిపించే 65 అంటే జావా 21, 61 అంటే 17, 52 అంటే 8. మావెన్‌లో ‘మావెన్ డాట్ కంపైలర్ డాట్ రిలీజ్’ను 17 చేయాలి. మెనూలో మార్చినా పామ్ మళ్లీ తన మాటే నెగ్గించుకుంటుంది.

జవాబు: ఉదాహరణల్లో తెలుగు స్ట్రింగులు పెడుతున్నారా? విండోస్‌లో జేడీకే 17, అంతకు ముందువైతే పామ్‌లో సోర్స్ ఎన్‌కోడింగ్ (ఫైల్లో అక్షరాలను దాచే పద్ధతి) యూటీఎఫ్-8 అని రాయించండి. 18 నుంచి అదే డిఫాల్ట్. తెరమీద ప్రశ్నార్థకాలు వస్తే అక్షరాలు ఎన్‌కోడింగ్‌లో పోయినట్టు, ఖాళీ డబ్బాలు వస్తే ఫాంట్ లేనట్టు. ఈ రెంటినీ కలిపి ‘తెలుగు రావట్లేదు’ అని రాయకండి, మందు వేరు.